దొన గోడ మీద నెలవంక

ఇమాంవలి మెడలో రెండు వేలాడేవి. ఒకటి తాయెత్తు, రెండోది దొన తాళంచెవి. తాయెత్తు ఏ పూటైనా తెగి పడిపోతే సాయంత్రం దాకా చూసుకునేవాడు కాదేమో గానీ, తాళంచెవి గుండెకు తగలకపోతే మాత్రం నిద్రలో ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు.

ఆ దొన గువ్వలగుట్ట నెత్తిన ఉంది. దొన అంటే కొండబండలో వాననీళ్లు నిలిచే గుంట. ఎప్పటివాళ్లో దాన్ని ఇంకా లోతుగా తొలిచి, లోపలికి మెట్లు చెక్కి, చుట్టూ రాతిగోడ కట్టారు. గుట్ట పైభాగమంతా నున్నటి ఒకే బండ. దాని మీద పడ్డ వాన అటూ ఇటూ జారిపోకుండా గచ్చుతో చిన్న చిన్న గట్లు పోశారు. ఆకాశం ఇచ్చిందంతా ఆ గట్ల వెంబడి వచ్చి దొన మూతిలో దిగుతుంది. గుట్ట మీద బావి లేదు, ఊట లేదు. వాన ఇస్తేనే నీళ్లు.

దొన పక్కనే తకియా ఉండేది, అంటే ఫకీర్లు తలదాచుకునే చిన్న మిద్దె. దానికి పెద్దదిక్కు మౌలాలి తాత, ఆయన శిష్యుడు ఇమాంవలి. కానీ తాత గుట్ట దిగి చాలా ఏళ్లయింది. ఫకీరన్నవాడికి ఒకచోట కాలు నిలవదు కదా. ఒకరోజు పొద్దున్నే జోలె భుజాన వేసుకుని, "దొన చూసుకో నాయనా" అని ఒక్క మాట చెప్పి, పడమటి దిక్కుగా వెళ్లిపోయాడు.

అంతకుముందు దొన పనంతా తాతే చేసుకునేవాడు. ఇమాంవలికి తెలిసింది వంట, వచ్చిపోయేవాళ్ల మర్యాద. అందుకని గురువు చెప్పిన ఆ ఒక్క మాటనూ తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు. చూసుకోవడం అంటే కాపాడటం, కాపాడటం అంటే తాళం వేయడం.

దొన లోపలి గోడ మీద, కొన్ని మెట్లు దిగాక, ఒక నెలవంక చెక్కి ఉంది. ఎవరు చెక్కారో, ఎందుకు చెక్కారో ఇమాంవలి ఎప్పుడూ అడగలేదు. తాత వెళ్లాక వానలు ముఖం చాటేశాయి. నీళ్లు దిగి దిగి ఆ నెలవంక దగ్గరికి వచ్చాయి. అతనికి చూడగానే అంతా తెలిసిపోయినట్టయింది. ఇది హద్దు, ఇక్కడి నుంచి కింద ముట్టకూడదు. వారం తిరగకముందే మెట్ల దగ్గర తలుపు పెట్టించి తాళం వేశాడు. వాన పడి నీళ్లు నెలవంక దాటి పైకి వస్తే, ఆ పైవి మాత్రం శుక్రవారం శుక్రవారం కింద ఊరివాళ్లకు ఇంటికో చెంబు పోసేవాడు. కింద ఊరు ఎర్రొంకపల్లె. ఆ ఊళ్లో అతని పేరు ఎవరూ పలికేవారు కాదు. అందరికీ అతను తాళంచెవి సామి.

ఆ ఎండాకాలం చివర ఒక శుక్రవారం, సుంకమ్మ చెంబు పట్టుకుని గుట్ట ఎక్కింది. ఆమెకు రెండు మేకలు, పదునైన నోరు ఉన్నాయి. మూడూ ఆమె వెంటే వచ్చాయి.

"ఈ వారం లేవక్కా," అన్నాడు ఇమాంవలి. "నెలవంక తగిలింది."

"నెలవంక తగిలిందో, గ్రహణం తగిలిందో! నీళ్లు కండ్లకు కనపడతానే ఉండాయి గదా సామీ."

"కనపడేటివన్నీ ఇచ్చేటివి కావక్కా."

"ఎంగిలిచేత్తో కాకిని తోలనోడివి. నిన్ను ఫకీరును చేసిందెవరప్పా?" అంది సుంకమ్మ. అని, చెంబు పక్కన పెట్టి, తకియా అరుగు మీద కూలబడింది. తర్వాత మాట్లాడినప్పుడు ఆమె గొంతులో వెటకారం లేదు. "వంకలో చెలమలు గూడా ఎండిపాయె. ఎల్లుండి ఆదివారం పోతాండాం. ఊరు ఊరంతా. ముసిలీ ముతకా, గొడ్డూ గోదా, అందరం. తాతకు చెప్పిపోదామనుకుంటి. తాత ల్యాకపాయె. ఈ మిద్దెకన్నా చెప్పిపోదామని వచ్చినా."

ఊరు లేచిపోవడం అంటే ఏమిటో ఇమాంవలికి తెలుసు.

అతని చిన్నప్పుడు అతని ఊరూ ఇట్లాగే లేచిపోయింది. నాన్న అప్పటికే లేడు. అమ్మ, తను, అమ్మ చంకలో చెల్లెలు మాబున్ని, అమ్మ నెత్తిన ఒక కడవ. నడిదారిలో ఒక ఫకీరు సొమ్మసిల్లి పడి ఉన్నాడు. అమ్మ కడవ దించి, ఉన్న నీళ్లలో సగానికి పైగా అతని నోట్లో పోసింది. మర్నాటికి కడవ ఖాళీ అయింది. ఆ సాయంత్రం మాబున్ని పోయింది. ఆ తెల్లవారి అదే ఫకీరు, భుజాన నిండు తోలుతిత్తితో, వాళ్ల జాడ వెతుక్కుంటూ వచ్చాడు. అమ్మనూ అతన్నీ గువ్వలగుట్టకు తీసుకొచ్చి పెట్టుకున్నాడు. ఆ ఫకీరే మౌలాలి తాత.

అమ్మ ఆ గుట్ట మీదే కన్నుమూసింది. ఆ నీళ్ల సంగతి తాత గానీ ఇమాంవలి గానీ ఎన్నడూ ఎత్తలేదు. ఎట్లా ఎత్తుతారు? ఆ నీళ్లు ఇవ్వకపోయుంటే చెల్లెలు బతికేదేమో. ఇవ్వకపోయుంటే తాత వచ్చేవాడు కాదు, తనూ బతికేవాడు కాదు. ఈ చిక్కుముడి విప్పాలని ఇమాంవలి ఎన్నోసార్లు చూశాడు. విప్పలేక, చివరికి ఒకటి మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. కడవ అడుగు కంటబడకూడదు.

అతను ఆ ఆలోచనలో ఉండగానే మేకలు బెదిరి పక్కకు దూకాయి. గుట్ట పడమటి వైపు నుంచి ఎవరో ఎక్కి వస్తున్నారు. మోకాళ్ల దాకా దుమ్ము, చేతిలో కర్ర, భుజాన జోలె.

"తాతా!" అని సుంకమ్మ కేక వేసింది. ఇమాంవలి పరుగున పోయి కాళ్ల మీద పడ్డాడు. మౌలాలి తాత బాగా ఎండిపోయి ఉన్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. ఆయాసంతో డొక్కలు ఎగురుతున్నాయి.

"ఈ ఎండలో ఇంత ఉరుకు నడక ఏంది తాతా? నిదానంగా రాకూడదా?"

"వానకు ముందు ఇల్లు చేరాలని నడిచినా," అన్నాడు తాత.

ఇమాంవలి ఆకాశం వైపు చూశాడు. మచ్చుకు కూడా మబ్బు లేదు. ముసలాయనకు దారి ఎండ తలకెక్కినట్టుందని అనుకుని, లోపలికి వెళ్లి నిండుచెంబు నీళ్లు తెచ్చాడు. గురువుకు ఇచ్చేటప్పుడు మాత్రం నెలవంక అడ్డం రాలేదు.

తాత ఒక గుక్క తీసుకుని, నోట్లో కాసేపు ఉంచుకుని, మింగాడు.

"మన్ను తాగినట్టుండాది."

"ఎండాకాలం గదా తాతా." ఇమాంవలికి చెప్పుకోవాల్సిన మాట ఒకటి ఉంది. దాన్ని ఇన్నేళ్లుగా దాచుకున్నాడు. "నువ్వు పోయినంక కరువు మీద కరువు వచ్చె. చుట్టుపక్కల బావులన్నీ ఎండె. మన దొన ఎండలేదు. ఒక్కనాడు గూడా నీళ్లను నెలవంక కిందికి దిగనీలేదు తాతా."

అని, మెచ్చుకోలు కోసం చూశాడు.

"అడుగు ఎప్పుడు చూసినావు?" అన్నాడు తాత.

"అడుగా?" ఇమాంవలి నవ్వాడు. "అడుగు కనపడకుండా కాపాడినా గదా తాతా!"

తాత తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. చెయ్యి చాపాడు.

"తాళంచెవి."

ఇమాంవలి మెడలోంచి తాడు తీసి ఆ చేతిలో పెట్టాడు. ఇక నుంచి తాతే కాపలా ఉంటాడేమో, మంచిదే అనుకున్నాడు. తాత ఆ తాడును అట్లాగే సుంకమ్మకు ఇచ్చాడు.

"ఊర్లో చెప్పు తల్లీ. రేపు పొద్దున అందరూ రండి. కడవలు తెండి. గొడ్లను తోలుకరండి. గంపలు, పారలు గూడా తెండి."

"గంపలెందుకు తాతా? నీళ్లు గంపల్తో మోస్తామా?"

"తెండి."

సుంకమ్మ తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇన్నాళ్లూ దూరం నుంచి చూసిన వస్తువు అది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మేకపోతు మెడలో గంట పక్కన కట్టింది. అది గలగలమంటూ ముందు దిగిపోయింది.

ఇమాంవలికి ప్రాణం ఉసూరుమంది. "వాళ్లు పోయేవాళ్లు తాతా," అన్నాడు. "రేపు తాగి ఎల్లుండి పోతారు. మనమేం తాగాల?"

తాత అప్పటికే జోలె తల కింద పెట్టుకుని అరుగు మీద నడుం వాల్చాడు. కళ్లు మూసుకుని ఉన్నాయి. నిద్రపోయాడో, వినపడనట్టు ఉన్నాడో తెలియలేదు.

మర్నాడు ఎండ ఎక్కకముందే ఊరు గుట్ట ఎక్కింది. ఇమాంవలి ఆ పక్కకు చూడలేకపోయాడు. దొన మూతి దగ్గర ఒక పలకరాయి పడి ఉంటుంది. ఇన్నేళ్లూ అతను కాపలా కూర్చున్నది దాని మీదే. ఇప్పుడూ దాని మీదే, దొనకు వీపు పెట్టి కూర్చున్నాడు. చూడకపోతేనేం, చెవులున్నాయి. కడవ మునిగిన ప్రతిసారీ బుడబుడ శబ్దం వస్తోంది. అది వినిపించిన ప్రతిసారీ తన ఒంట్లోంచి ఎవరో తోడుకుపోతున్నట్టే ఉంది. గొడ్లు నీళ్లు జుర్రుతున్న చప్పుడు, పిల్లల కేరింతలు. చాలా రోజుల తర్వాత కడుపునిండా తాగుతున్నవాళ్ల చప్పుడు అది. ఇంకో రోజైతే అతనూ సంతోషించేవాడు.

ఎంత తోడినా ఫరవాలేదు, అని తనకు తాను చెప్పుకున్నాడు. నెలవంక కింద రెండు నిలువుల లోతుంది. చిన్నప్పుడు తాత చెప్పిన మాట అది. రెండు నిలువులు ఒక్కరోజులో తోడలేరు.

అంతలోనే శబ్దం మారింది. కడవ మునగలేదు. దేన్నో గీరింది. మళ్లీ గీరింది.

ఇమాంవలి ఒక్క ఉదుటున లేచి మెట్ల దగ్గరికి పరుగెత్తాడు. నెలవంక బయటపడి ఉంది. దాని కింద ఒక్క మెట్టు తడిగా కనబడుతోంది. ఆ మెట్టు కింద నీళ్లు లేవు. నల్లటి బురద మెరుస్తోంది.

"నీళ్లేవి?" అన్నాడు. "రెండు నిలువుల నీళ్లుండాలే! యాడికి పోయినాయి?"

"మా కడవలు చూసుకో సామీ. మేమేమన్నా మింగేస్తిమా?" అంది సుంకమ్మ.

అతను మెట్లు దిగి, ఆఖరి తడిమెట్టు మీంచి కాలు కింద పెట్టాడు. కాలు దిగబడింది. మోకాలు దాటి తొడ దాకా పోయింది. చేతులతో తడిమాడు. మేకపెంటికలు, కుళ్లిన ఆకులు, ఎర్రదుమ్ము. ఏటేటా మొదటి వానకు బండ మీంచి కొట్టుకొచ్చిందంతా పొరలు పొరలుగా పేరుకుని ఉంది. తాళం వేసి, పొద్దస్తమానం కూర్చుని, ఊరంతటి నోళ్లూ పడి, అతను కంటికి రెప్పలా కాపాడింది దీన్ని.

"పైన పటారం, లోన లొటారం," అని సుంకమ్మ పగలబడి నవ్వబోయింది. ఇమాంవలి ముఖం చూసి సగంలోనే ఆపేసింది. అతను ఏడుస్తున్నాడు. తొడల్లోతు బురదలో నిలబడి, చంటిపిల్లాడిలా, ఎవరున్నారని కూడా చూసుకోకుండా ఏడుస్తున్నాడు.

మౌలాలి తాత ముందు దొన మూతి దగ్గరికి వెళ్లాడు. ఇమాంవలి ఇన్నాళ్లూ కూర్చున్న పలకరాయిని ఊరి రైతు ఓబులేసు చేత ఎత్తించి, మూతి పక్కన ఉన్న గాడిలో నిలబెట్టి చూశాడు. అచ్చంగా ఆ గాడి కోసమే చెక్కినట్టు సరిపోయింది. మూతి మూసుకుపోయింది. మళ్లీ తీయించి పక్కన పెట్టించాడు. తర్వాత గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, శిష్యుడి పక్కన బురదలోకి దిగాడు. రెండు చేతులతో బురద ఎత్తి గంపలో వేశాడు. గంప ఇమాంవలి వైపు తోశాడు.

"పట్టు."

అంతే అన్నాడు. ఇమాంవలి ముక్కు తుడుచుకుని గంప పట్టాడు. అది ఓబులేసు చేతికి పోయింది. అక్కడి నుంచి సుంకమ్మకు, సుంకమ్మ నుంచి ఆమె కోడలికి. గంపలెందుకో అప్పటికి ఊరికంతా తెలిసింది.

ఓబులేసు వేళ్లతో బురద నలిపి చూశాడు. "ఒండ్రుమట్టి. చేనికి బంగారం ఇది," అన్నాడు. ఆ మాటతో గంపల వేగం పెరిగింది. మధ్యాహ్నానికి గంపలు చాలలేదు. తాత మెట్ల దగ్గరి తలుపు వైపు చూశాడు. ఎవరో దాన్ని ఊడబెరికి తెచ్చారు. నలుగురు నాలుగు మూలలు పట్టుకుని, ఆ తలుపు మీద బురద మోశారు.

ఆదివారం కూడా అదే పని. నడుం ఎత్తి నిలబడి, సుంకమ్మ ఉన్నట్టుండి అంది:

"అవునూ, ఈపొద్దు మనం పోవాల్సినోళ్లం గదా?"

"ఈ బురదకాళ్లతో యాడికి పోతాం," అన్నాడు ఓబులేసు. అందరూ నవ్వారు. శనివారం తోడుకున్న కడవలు ఇంకా ఇళ్లలో ఉన్నాయి. నాలుగు రోజులు ఆగి పోవచ్చులే అనుకున్నారు.

పొద్దు వాలుతుండగా అడుగు తేలింది. తాత చీపురు తీసుకుని మూలమూలలా ఊడ్చాడు. ఇమాంవలి ఆ బండ మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. జీవితమంతా దేన్ని చూడకూడదని భయపడ్డాడో అది ఇప్పుడు అతని చేతి కింద ఉంది. ఉట్టి రాయి. గుండె ఆగిపోతుందనుకున్నాడు. ఆగలేదు. తల ఎత్తి చూస్తే నెలవంక ఎక్కడో పైన, రెండు నిలువుల ఎత్తున ఉంది.

సోమవారం పొద్దున గాలి తిరిగింది. పడమటి కొండల మీద మబ్బు లేచింది. తాత నడిచి వచ్చిన దిక్కు అది. వానకు ముందు ఇల్లు చేరాలని ఆయన ఎందుకన్నాడో ఇమాంవలికి అప్పుడు తట్టింది. పడమట వానలు మొదలయ్యాయి. ముసలాయన వాటికంటే ముందు ఉరికాడు.

మబ్బు చూసి ఊరు మళ్లీ గుట్ట ఎక్కింది. కడిగిన దొన నిండడం చూడాలని అందరికీ ఆశ. తొలి చినుకులు బండ మీద పడి ఆవిరయ్యాయి. ఆ వెంటనే వాన దబదబా అందుకుంది. పిల్లలు కేకలు పెట్టారు. గచ్చు గట్ల వెంబడి ఎర్రటి నీళ్లు మలుపులు తిరుగుతూ మూతి వైపు వచ్చేశాయి.

ఇమాంవలి కదిలాడు. పలకరాయిని రెండు చేతులా ఎత్తి, మూతి పక్కన గాడిలో నిలబెట్టాడు. నీళ్లు దానికి కొట్టుకుని పక్కకు మళ్లి, గుట్ట మీంచి కిందికి దూకాయి.

"ఏం చేస్తాండావు సామీ!" సుంకమ్మ అరిచింది. "తీయ్! తీయ్! నీళ్లన్నీ పోతాండాయి!"

"బండ కడగనీ అక్కా."

"కడిగింది చాల్లే! ఇదే వాన, ఇంకోటి వస్తాదో రాదో!"

ఆమె అన్నదే అతని గుండెలోనూ కొట్టుకుంటోంది. ఒక్క చుక్క ఒలికితే ప్రాణం ఒలికినంత బాధపడే మనిషి. కళ్లముందు కడవలు కడవలు, కాలువలు కాలువలు పారిపోతున్నాయి. మేకపెంటికలు, ఆకులు, ఏడాది దుమ్ము. వాటితో పాటు నీళ్లు. రాయి ఒక పక్కకు ఒరిగితే భుజం ఆనించి నిలబెట్టాడు. తీయలేదు.

వాన ఆగిపోయింది.

ఒక్కసారిగా ఆగింది. ఎండ కూడా వచ్చింది. బండంతా కడిగిన పళ్లెంలా మెరుస్తోంది. దొనలో తేమ తప్ప ఏమీ లేదు.

ఓబులేసు దొనలోకి తొంగిచూసి, ఎవరికీ కాకుండా అన్నాడు: "పట్టుంటే మోకాటి లోతన్నా వచ్చుండు."

"పాయె," అంది సుంకమ్మ. "తాళంచెవి పోయిందనుకుంటిమి. తాళం ఆయన చేతుల్లోనే ఉండె."

ఇమాంవలి రాయిని వదల్లేదు. వదిలితే కూలబడిపోతానని అతనికి తెలుసు. తప్పు చేశాను, అనుకున్నాడు. ఇంతమంది గొంతులు ఎండగట్టాను. మబ్బు తునకలు తునకలై తూర్పుకు పోతుంటే కళ్లప్పగించి చూస్తున్నాడు.

తాత నెమ్మదిగా వచ్చి పక్కన నిలబడ్డాడు. తడిసిన గడ్డం పిండుకున్నాడు. తర్వాత, అతనికి మాత్రమే వినపడేటట్టు అన్నాడు:

"మీ అమ్మ గూడా ఇట్లే నిలబడింది. అడుగంటిన కడవ పట్టుకొని."

ఇన్నేళ్లలో ఆ మాట ఎత్తడం అదే మొదలు. ఇమాంవలి తల తిప్పి చూశాడు. తాత కళ్లు తడిగా ఉన్నాయి.

"నేను లేచి కూర్చుంటే ఆమె నవ్వింది నాయనా. అడుగంటిన కడవ పట్టుకొని నవ్వింది."

ఇమాంవలి జ్ఞాపకంలో అమ్మ చేతిలోని కడవే ఉంది. అమ్మ ముఖం లేదు. ఇన్నాళ్లూ లేదు. ఇప్పుడు కడవ పైన ముఖం వచ్చింది. అతను రాయికి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

ఎవరూ గుట్ట దిగలేదు. కోపం ఉన్నవాళ్లు కూడా దిగలేదు. పొద్దు కుంగే వేళకు చల్లగాలి ముఖాన కొట్టింది. మేకలు తకియా చూరు కిందికి దూరాయి. సుంకమ్మ ముక్కు పైకెత్తి వాసన చూసి, మాట్లాడకుండా నోరు మూసుకుంది. ఆమె నోరు మూసుకోవడం ఊరు చూసి చాలా కాలమైంది.

ఈసారి మబ్బు గుట్టను మింగేసినట్టు వచ్చింది. వాన కుండపోతగా దిగింది. గట్ల వెంబడి నీళ్లు మూతి దాకా వచ్చి రాతికి తగిలాయి. ఇమాంవలి వంగి, దోసిట్లో పట్టి చూశాడు. నీళ్ల అడుగున అరచేతి గీతలు కనబడుతున్నాయి.

రాయి తీశాడు.

ఆ తర్వాతి హోరులో ఎవరు ఏమన్నారో ఎవరికీ వినపడలేదు. సుంకమ్మ ఏడుస్తోందో తిడుతోందో కూడా తెలియలేదు. రెండూ చేసి ఉండవచ్చు.

తెల్లవారేసరికి దొన నిండింది, ఊరు గుట్ట దిగి ఇళ్లకు పోయింది. నెలవంక కనబడలేదు, దాని పైన ఇంకా చాలా మెట్లు కూడా కనబడలేదు. మెట్ల దగ్గర తలుపు లేదు. అది బురదపట్టి ఒక మూల బోర్లా పడి ఉంది. ఇమాంవలి చెంబు ముంచి తెచ్చి తాతకు ఇచ్చాడు. తాత ఒక గుక్క నోట్లో ఉంచుకుని మింగాడు. రెండో గుక్క వెంటనే తాగాడు. చెంబు ఖాళీ చేసి, గడ్డం తుడుచుకుని, "ఆహ్" అన్నాడు.

ఇద్దరూ దొన గట్టున కూర్చున్నారు. తాళంచెవి తగలకపోతే ఇమాంవలి చెయ్యి ఒకసారి గుండె దగ్గరికి వెళ్లింది. కింద దారిలో ఎక్కడో మేకపోతు మెడలో తాళంచెవి గలగలమంటోంది. అతనికి నవ్వొచ్చింది.

"తాతా, ఆ నెలవంక ఎవరు చెక్కిందీ?"

"మా గురువు."

"ఎందుకు?"

తాత నీళ్ల వైపు చూశాడు, ఆ గుర్తు ఉన్న చోటికి.

"నీళ్లు ఆడికి దిగితే ఊర్ని పిలవమని."

ఇమాంవలి లేచాడు. గుట్ట కొసకు వెళ్లి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, ఎర్రొంకపల్లె వైపు గట్టిగా కేక వేశాడు.

"సుంకమ్మక్కా! కడవలు తెండి!"